కొండ ఊరి బడికి పన్నెండు ఫ్యాన్లు

ఆఫ్ఘనిస్తాన్‌లో ఒక కొండ ఊరి బడిని కట్టించింది నేనే. ఆటోనగర్‌లో జీవితమంతా లారీ బాడీలు కట్టినవాడికి బడి కట్టడం ఎంత పని? ఈ మాట పొద్దున నడకలో కలిసిన వాళ్ళందరికీ చెప్పాను. కొందరికి రెండుసార్లు చెప్పాను.

రాయడానికి కూర్చుంటే మాత్రం చెయ్యి కొంచెం వెనక్కి లాగుతోంది. గోడలు ఆ ఊరివాళ్ళే మట్టితో లేపుకున్నారు. మిగిలింది పైకప్పు.

కొన్నేళ్ళ కిందట ఆ ఊరి కుర్రాడొకడు మా మేడమీద గదిలో అద్దెకుండేవాడు. ఇక్కడ వ్యవసాయం చదువుకోవడానికి వచ్చాడు. వాడి తెలుగులో మూడొంతులు మా ఆవిడ వంటింటి గుమ్మం దగ్గర నేర్చుకున్నదే. ఒకరోజు ఫోనులో ఫొటో చూపించాడు. నాలుగు మట్టి గోడలు, పైన ఆకాశం, కింద వరుసగా పిల్లలు.

"మంచు పడేలోపు కప్పు వెయ్యాలి అంకుల్. లేకపోతే గోడలు కరిగిపోతాయి. పిల్లలకి ఈ ఏడు బడి ఉండదు" అన్నాడు.

నేను రంగంలోకి దిగాను. మావైపు దానానికి ఒక పద్ధతుంది. ఇచ్చినవాడి పేరు కనబడాలి. మా చర్చిలో తలెత్తితే చాలు, ఏ ఫ్యాను ఎవరిచ్చారో రెక్కల మీదే ఉంటుంది. పక్కవీధి గుడిలోనూ అంతే. ఫొటో చూసి స్నేహితులందరూ జాలిపడ్డారు గాని, పామర్రు రైస్‌మిల్లాయన మాత్రం, "దూలం మీద పేరు ఎవడు చూస్తాడ్రా? ఫ్యాన్లిద్దాం" అన్నాడు. నాకూ సబబే అనిపించింది. కప్పు సంగతి ఇంకెవరైనా చూసుకుంటారనుకున్నాం.

గవర్నర్‌పేటలో పన్నెండు ఫ్యాన్లు కొన్నాం. లారీల మీద అక్షరాలు రాసే పెయింటరు రెక్కరెక్కకూ ఎర్రరంగుతో పేర్లు రాశాడు. అన్నింటికన్నా పెద్ద అక్షరాలు నావి. నేను చెప్పి రాయించుకున్నవే.

అన్నీ హాల్లో పరిచి కుర్రాడిని పిలిచాను. వాడు గుండె మీద చెయ్యి వేసుకుని తల వంచాడు. టీ తెచ్చిన మా ఆవిడ ఫ్యాన్లకేసి చూసి అడిగింది.

"బాబూ, మీ ఊళ్ళో కరెంటుందా?"

"లేదాంటీ."

"మరి ఎండాకాలం?"

"రాత్రి దుప్పటి కప్పుకుంటాం."

"ఇంతసేపూ చెప్పవేం?"

"అంకుల్ చాలా సంతోషంగా ఉన్నారాంటీ."

కుర్రాడూ నేనూ ఫ్యాన్లు ఆటోలో వేసుకుని, వాపసు ఇచ్చేద్దామని కొట్టుకు వెళ్ళాం. కొట్టాయన ఒక రెక్క తిప్పి చూశాడు. "మీ పేరున్న ఫ్యాను ఇంకెవరు కొంటారండీ? మీరే కొనుక్కోవాలి" అన్నాడు.

ఆయన వెటకారానికే అన్నాడు. నాకు మాత్రం దారి దొరికింది. ఎవరి ఫ్యాను వాళ్ళకే అమ్మాను. "నేను దానమిచ్చింది నేనే కొనుక్కోవాలా?" అని రైస్‌మిల్లాయన గింజుకున్నాడు. "గోడలు కరిగిపోతాయిరా" అన్నాను. అంతే, డబ్బిచ్చి ఫ్యాను లోపల పెట్టించాడు. ఆ డబ్బుతో వాళ్ళ ఊళ్ళో దూలాలు కొన్నారు. చలికాలంలో ఇంకో ఫొటో వచ్చింది. కప్పు మీద మంచు, గుమ్మం బయట పిల్లల బూట్లు. ఎక్కడా ఎవరి పేరూ లేదు. మా పేర్లు మాత్రం మా నెత్తిమీదే తిరుగుతున్నాయి.

ఇంతవరకు రాసి మా ఆవిడకిచ్చాను. కళ్ళజోడు సర్దుకుని మొత్తం చదివింది.

"కొట్టుదాకా నిజమే. ఇంటికొచ్చాక మీరు మంచమెక్కి, వారంపాటు నడకక్కూడా వెళ్ళలేదు. 'గోడలు కరిగిపోతాయి అన్నయ్యగారూ' అన్నది నేను. ఇంటింటికీ ఫ్యాన్లు మోసింది నేనూ ఆ పిల్లాడూ. అది రాయండి."