అలకపాన్పు మీద అడగని హబ్బు

నిన్న పొద్దున్న కొరియరు అబ్బాయి అట్టపెట్టె గుమ్మంలో పెట్టి వెళ్ళాడో లేదో, మావారు డెబ్బై దాటిన సంగతి మరిచిపోయి, తింటున్న పెసరట్టు వదిలేసి పరుగెత్తారు. మనవరాలు ఫోనులో వెతికి తెప్పించిన కారు హబ్బు అది, అంటే చక్రాన్ని ఇరుసుకి పట్టి ఉంచే ఇనుప ముక్క. మా మావగారి నాటి కారుకి సరిగ్గా సరిపోతుందట. పెట్టె విప్పుతుంటే నేనూ వెళ్ళి పక్కనే కూర్చున్నాను, ఎందుకంటే ఇలాంటి ముక్క కోసమే పెళ్ళయిన కొత్తలో మేం పడ్డ పాట్లు ఇంకా కళ్ళకు కట్టినట్టే ఉన్నాయి.

అప్పటికి నేను రాజమండ్రి కాపరానికొచ్చి ఏడాది కూడా కాలేదు. హబ్బు పగిలి కారు షెడ్డులో పడితే, నెలాఖరుకల్లా కదలకపోతే పాత ఇనుముకి తూచేస్తానని మావగారు తేల్చి చెప్పేశారు. ఆయన మాటంటే మాటే. ఆ కారంటే ప్రాణం పెట్టే మావారికి అన్నం సహించేది కాదు. రాజమండ్రి, కాకినాడ పాత ఇనుము కొట్లన్నీ గాలించి, యానాం దాకా వెళ్ళి ఉత్త చేతులతో తిరిగొస్తే, యానాం వెళ్ళి మందు సీసా లేకుండా వచ్చిన మగాణ్ణి ఇప్పుడే చూస్తున్నానని మా అత్తగారు వేళాకోళం చేశారు.

ఒకనాడు ఆ పగిలిన ముక్కని ఆయన కిరసనాయిలుతో కడుగుతుంటే, దాని మీద ఉబ్బెత్తుగా నక్షత్రం గుర్తు బయటపడింది. అమ్మ బాబోయ్, ఆ నక్షత్రం నాకు తెలుసు. సామర్లకోట దగ్గర మా పుట్టింట్లో నాన్న చెరుకు తోలే టైరు బండికి ఏటా దసరా నాడు పసుపు రాసి బొట్టు పెట్టింది నేనే, సరిగ్గా ఆ నక్షత్రం మీదే. ఎవరో పాత కారు విప్పి అమ్మితే దాని ఇరుసూ చక్రాలూ కొని నాన్న ఆ బండికి వేయించారు. సంగతి చెప్పగానే మావారు నన్ను అమాంతం ఎత్తుకోబోయి, అత్తగారు చూస్తున్నారని ఆగిపోయారు.

తీరా మా ఊరు వెళ్ళాక ఆయనకి నోరు పెగలదు. చూస్తే చెరుకు ఫ్యాక్టరీకి తోలే రోజులు, పైగా అల్లుడు మావగారి బండి చక్రం అడగడమేమిటి. భోజనాల దగ్గర నేనే బయటపెట్టేశాను. మన కాలం పెళ్ళిళ్ళు చూసినవాళ్ళకి అలకపాన్పు సంగతి చెప్పనక్కర్లేదు కదా, దాని మీద కూర్చోబెట్టి ఏం కావాలో కోరుకోమని అందరూ బతిమాలినా, ఏమీ వద్దని లేచిపోయిన పెళ్ళికొడుకు ఈయన. అది నాన్నకి తీరని లోటుగా ఉండిపోయింది.

"అప్పుడు అడగమంటే సిగ్గుపడ్డారు. ఇప్పుడు అలిగారా ఏంటండి అల్లుడుగారూ?" అన్నారు నాన్న నవ్వుతూ.

"అలగలేదండి, హబ్బు కావాలండి," అన్నారు మావారు తల వంచుకుని.

సాయంత్రానికి నాన్న బండి ఇటుకల మీద నిలబడింది. మిగిలిన చెరుకంతా ఆయన కర్ర చక్రాల పాత బండి మీదే తోలారు. కారు కదిలిన రోజున మావారు తిన్నగా మా ఊరే తీసుకొచ్చి, నాన్నని ముందు సీట్లో కూర్చోబెట్టి ఫ్యాక్టరీ దాకా తిప్పారు. దారిపొడవునా చెరుకు బళ్ళవాళ్ళందరికీ నాన్న తల బయటపెట్టి, ఆ చక్రం మాదేనని చెబుతూనే ఉన్నారు.

అరిగిపోయిన ఆ హబ్బే నిన్న బయటికొచ్చింది. నాన్న పోయి చాలా కాలమైంది. ఇప్పుడు ఏం కావాలన్నా గుమ్మంలోకే వస్తోంది, ఎవరి గడపా ఎక్కనక్కర్లేదు, ఎవర్నీ నోరు తెరిచి అడగనక్కర్లేదు. సుఖమే, కాదనను. కానీ ఇచ్చేవాళ్ళ మొహంలో ఆ సంతోషం చూసే భాగ్యం కూడా దాంతోపాటే పోయిందని నా దిగులు. కొత్తది బిగించి మావారు హారను మీద హారను కొడుతూ పిలుస్తుంటే, నేను పెరట్లో ఆ పాతదాన్ని కడిగి, పసుపు రాసి, నక్షత్రం మీద బొట్టు పెట్టి, అప్పుడెళ్ళి కారెక్కాను.