డ్రా అయిన ఆటల గెలుస్తున్నదెవరు?

ఇయ్యాల చిలకలగూడల చెస్ టోర్నమెంట్ ఆడిన. నా ఎదురుంగ నేరేడ్‌మెట్ నుంచి వచ్చిన ఒక రిటైర్డ్ మాస్టారు. ఆట నడుమ ఆయన డ్రా అడిగిన్రు. ఎట్లయినా ఓడిపోతనని పరేషాన్‌ల ఉన్న నేను టక్కున చెయ్యి కలిపిన.

ఆట అయినంక ఉండబట్టలేక అడిగిన. "సార్, గెలిచే ఆట ఎందుకు వదిలేసిన్రు?"

"అదేంటి బాబూ, గెలిచేది నువ్వు కదా! పరువు దక్కితే చాలని అడిగాను."

ఇద్దరం పట్టు విడవలే. పావులు మళ్ల అట్లనే పేర్చి, కుర్చీలు మార్చుకున్నం. నేను గెలుస్తయన్న పావులే ఇప్పుడు నా చేతిల ఉన్నయ్. నాలుగు ఎత్తులకే చెమటలు పట్టినయ్. ఈసారి డ్రా అడిగింది నేను. మాస్టారు నాకంటె జల్ది ఒప్పుకున్నరు.

ఇంతకు ఎవరు గెలుస్తున్నరో సమజైనోళ్లు జెర చెప్పుండ్రి. మాకైతే ఎటు కూసున్నా ఎదుటోడే గెలుస్తుండు.