హెడ్మాస్టరుగారి కొత్త చదువు

“యాభై రెండేళ్లొచ్చాక మీకు మళ్లీ పరీక్షలేమిటండీ?” అని భార్య మొహమ్మీదే అడిగేసింది. “నాకు పరీక్షలెందుకని నీకనిపిస్తోందన్నమాట,” అన్నాడు హెడ్మాస్టరు తల పంకిస్తూ. కౌన్సెలింగ్ ఎమ్మేలో చేరిన దగ్గర్నుంచీ ఆయనకిదే వరస. ఎదుటివాళ్ల మాట ఎదుటివాళ్లకే అప్పజెబుతాడు. కూరలో ఉప్పు లేకపోతే, “ఈ కూర గురించి నీకేమనిపిస్తోంది?” అంటాడు.

ప్రాక్టికల్ గట్టెక్కాలంటే ఒక్క విద్యార్థైనా ఆయన ముందు కూర్చుని మనసు విప్పాలి. ఆయన చెప్పుల చప్పుడుకే వరండా ఖాళీ అయిపోయే బడిలో ఎవరొస్తారు? గడువు రేపనగా, పదో తరగతి లీడరమ్మాయి సెలవు చీటీ మీద సంతకం కోసం వచ్చింది. ఆయన కుర్చీ చూపించి, పాఠంలో చెప్పినట్టే చిరునవ్వుతో మౌనంగా కూర్చున్నాడు. ఆయన నవ్వగా ఆ పిల్ల ఎన్నడూ చూడలేదు. హడలిపోయింది. “సార్, పోయిన వారం మీ కారద్దం పగలగొట్టింది మా క్లాసే సార్! అందరం కలిసే క్రికెట్ ఆడాం సార్!” ఆయన చెయ్యి స్కేలు మీదికి పోయింది. కానీ కౌన్సెలరన్నవాడు విన్న రహస్యం కడుపులోనే దాచుకోవాలి, శిక్ష వెయ్యకూడదు. “పగలగొట్టినందుకు నీకు బాధగా ఉందన్నమాట,” అన్నాడు పళ్లబిగువున. “లేద్సార్, చెప్పేశాక హాయిగా ఉంది!”

ప్రాక్టికల్లో ఫస్టుక్లాసు వచ్చింది. కారద్దం డబ్బులు మాత్రం పదో తరగతి ఇంకా ఇవ్వాలి.