ఇంట్లో మిస్సింగ్

నా చిన్నప్పుడు మా పెద్దమ్మ వాళ్ల వాకిట్లో ఎప్పుడూ ఏదో ఒక ఇంజను విప్పి పడేసి ఉండేది. ఇల్లు సంగారెడ్డి ఊరి చివర. పెద్దమ్మ భర్తను పెద్దబాపు అనేదాన్ని. ఆయన బావుల మీది నీళ్ల ఇంజన్లు బాగుచేసేవాడు. అమ్మ పోయాక మా బాపు నన్ను అక్కడ దింపి, పటాన్‌చెరు కంపెనీలో షిఫ్టులకు వెళ్లిపోయాడు. వెళ్లేరోజు తన పాత రబ్బరు చెప్పులు మరిచిపోయాడు. అవి నేను వేసుకున్నాను. నా పాదాలకు రెండింతలుండేవి. నడిస్తే టపటపమని ఒకటే చప్పుడు. పెద్దమ్మ పిల్లలు నన్ను టపటప అనే పిలిచేవారు. అయినా విడిచేదాన్ని కాదు. ఆ ఇంట్లో నావంటూ ఉన్నవి అవే.

నన్నెవరూ చిన్నచూపు చూడలేదు. వాళ్ల పిల్లలకు పెట్టిందే నాకూ పెట్టారు. కానీ వాళ్లు ఒకరి మీద ఒకరు పడి కొట్టుకునేవారు, నాతో మాత్రం ఎవరూ కొట్లాడేవారు కాదు. వచ్చిన పిల్లనని మర్యాద. ఆ మర్యాదే నన్ను తినేసేది.

ఒకరోజు మంజీరలో జనాన్ని దాటించే పడవ ఇంజనును బండి మీద తెచ్చి దించారు. పాత జీపులోంచి తీసి పడవకు బిగించిన నాలుగు సిలిండర్ల ఇంజను. పెద్దబాపు దాన్ని మొద్దుల మీద నిలబెట్టి, చల్లబరచడానికి పక్కన నీళ్ల డ్రమ్ము పెట్టి స్టార్టు చేశాడు. నడుస్తోంది కానీ కుంటుతోంది. మెకానిక్కులు దాన్ని మిస్సింగ్ కొట్టడం అంటారు. నాలుగింట్లో ఒకటి మండడం లేదన్నమాట. అదేదో తేల్చడానికి, ఇంజను నడుస్తుండగానే చేతికి పొడిగుడ్డ చుట్టుకుని, ఒక్కో ప్లగ్గు వైరూ ఊడదీసి విన్నాడు. మొదటిది తీయగానే ఇంజను ఇంకా కుంటింది. తిరిగి పెట్టేశాడు. రెండోది తీస్తే ఆగిపోబోయింది. మూడోది తీస్తే ఏమీ కాలేదు.

"సూడు, గిది తీసినా సప్పుడు మారలే," అన్నాడు ఇంజను తెచ్చిన పడవాయనతో. "గిదే పని చేస్తలేదు."

అది వాళ్లిద్దరి మాట. నాకెందుకు తగలాలి? తగిలింది. తీసేసినా తేడా రానిది ఆ ఇంట్లో నేనే అనుకున్నాను. నన్ను నేనే తీసి చూద్దామనిపించింది. చెప్పులు విప్పి చంకలో పెట్టుకుని, ఇంటి వెనక ఖాళీ డ్రమ్ముల సందులో దూరి, చెవులు రిక్కించి కూర్చున్నాను.

పెద్దమ్మ కారం దంచుతూనే ఉంది. పిల్లలు కొట్లాడుకుంటూనే ఉన్నారు. వాకిట్లో పానా కింద పడ్డ చప్పుడు. ఏదీ మారలేదు. గోడ మీది ఎండ దిగిపోయింది. నాకు ఏడుపు కూడా రాలేదు. అనుకున్నదే కదా, తేలిపోయింది అనిపించింది.

అంతలో ఇంజను మళ్లీ మొదలైంది. ఈసారి కుంటడం లేదు. కాసేపు హాయిగా నడిచి ఆగింది. ఆగగానే పెద్దబాపు గొంతు వినిపించింది.

"ఇంజన్ల మిస్సింగ్ పోయింది గని, ఇంట్ల కొడ్తున్నది. చెప్పుల సప్పుడు ఇనపడ్తలేదు. పిల్ల ఏది?"

రోకలి ఆగింది. పిల్లలు తలోదిక్కూ పరుగెత్తారు, టపటప అని కాదు, పేరు పెట్టి పిలుస్తూ. నన్ను కనిపెట్టింది మాత్రం ఆయనే. నూనె చేతులు నాకు అంటకుండా ఎడంగా పెట్టుకుని పక్కన చతికిలబడ్డాడు. నేను లేకున్నా చప్పుడు మారలేదు కదా అని అడిగాను. నేను ఏ మాట పట్టుకున్నానో ఆయనకు అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది.

"మారింది బిడ్డా. ఇంజన్ సప్పుడు అడ్డమొచ్చి నాకే జెర ఆలస్యంగ ఇనపడ్డది."

తర్వాత నన్ను వాకిట్లోకి తీసుకెళ్లి ఇంజను స్టార్టు చేశాడు. ఆ మూడో ప్లగ్గును పారేయలేదట. మసి పట్టి ఉంటే ఉప్పుకాగితంతో రుద్ది మళ్లీ అక్కడే బిగించాడట. ఇప్పుడు దాని వైరు ఊడదీశాడు. ఇంజను మొత్తం కుంటింది. నా ముఖంలోకి చూసి, తిరిగి పెట్టేశాడు. అప్పుడు ఏడ్చాను.

ఆ పెద్దబాపు పోయి చాలాకాలమైంది. నేనిప్పుడు ముత్తంగిలో ఒక గదిలో ఒక్కదాన్నే ఉంటున్నాను. బయట పగలంతా లారీల మోత. పక్కగది అమ్మాయి బొల్లారంలో పనికి కంపెనీ బస్సు ఎక్కుతుంది. ఆ వేళకు ఆమె తాళం చప్పుడు వినిపించకపోతే వెళ్లి తలుపు కొడతాను. మొదట్లో విసుక్కునేది, ఇప్పుడు అలవాటు పడింది. ఒకసారి జ్వరంతో పడి ఉంటే జావ కాచి ఇచ్చాను. నేలంతా చల్లటి బండలే అయినా నేను ఇంట్లో రబ్బరు చెప్పులతోనే తిరుగుతాను. నా పాదాలకు కొంచెం పెద్దవే కొనుక్కుంటాను. ఆ చప్పుడు ఆగిన రోజు గోడకవతల ఎవరికైనా తెలియాలి కదా.