నా కోసం వేసిన నాలుగు మార్కులు

మా లెక్కల టీచరమ్మ పోయిందని బుధవారం పొద్దున తెలిసింది. పొయ్యి మీద పాలు పెట్టి, ఎక్కడ పొంగిపోతాయోనని అక్కడే నిలబడి ఉన్నాను. మా మనవరాలు ఫోన్ చూసుకుంటూ వచ్చి, "అమ్మమ్మా, టీచర్ చనిపోయిందంట. పాత స్టూడెంట్ల గ్రూపులో పెట్టారు," అంది. ఏ టీచరని నేను అడగలేదు. మా ఇంట్లో టీచర్ అంటే ఒక్కరే. పాలు పొంగి మంట ఆరిపోయింది. గ్యాసు వాసన వస్తుంటే పిల్లే వచ్చి కట్టేసింది.

నేను నరసరావుపేటలో ఒక ప్రైవేటు బడిలో పన్నెండేళ్ళు ఆయాగా చేశాను. గంట కొట్టడం, గదులు ఊడవడం, ఆఫీసు గదిలోకి టీ తీసుకెళ్ళడం నా పని. చదివింది ఐదో తరగతి. రాతలో పొరపాట్లుంటే సర్దుకోండి. ఆమె గురించి నాకంటే బాగా రాసేవాళ్ళు చాలామంది ఉన్నారు. కానీ ఒక్క సంగతి నేను తప్ప ఇంకెవరూ రాయలేరు. అది చెప్పకుండానే నేను కూడా పోతానేమోనని ఈ నాలుగు రోజులుగా ఒకటే దిగులుగా ఉంది.

ఆమెది నడికుడి. తండ్రి రైల్వేలో పట్టాల పని చేసి రిటైరయ్యాడు. ఆమె పెళ్ళి చేసుకోలేదు. బడి వెనక సందులో ఒక గది అద్దెకు తీసుకుని ఉండేది. శనివారం సాయంత్రం బస్సెక్కి ఊరికి పోయి, ఆదివారం చర్చి చూసుకుని, సోమవారం పొద్దున్నే గంట కొట్టకముందే వచ్చేది. చాక్‌పీసు గోరంత అయ్యేదాకా వదిలేది కాదు. టీ ఇస్తే పక్కన పెట్టి మర్చిపోయేది. చల్లారిపోయింది, వేడి చేసి తెస్తానంటే, "నాకు ఇట్టాగే అలవాటు పెద్దమ్మా," అని ఒక్క గుక్కలో తాగేసేది. బడిలో అందరూ నన్ను ఆయా అనేవాళ్ళు. పెద్దమ్మా అన్నది ఆమె ఒక్కతే.

పేపర్లు దిద్దడంలో ఆమెకు ఒక పద్ధతి ఉండేది. పరీక్ష అయిపోగానే కట్ట తెచ్చి నా చేతికి ఇచ్చేది. ప్రతి పేపరుకూ పేరు రాసిన మూల మడిచి, గుండుసూది గుచ్చి ఇవ్వాలి. అది ఎవరి పేపరో తెలియకుండా దిద్దేది. అంతా అయ్యాకే సూదులు తీసి పేర్లు చూసేది. ఆ పని నాకెందుకు ఇచ్చిందంటే, అక్కడ పేర్లన్నీ ఇంగ్లీషులో రాస్తారు, నాకు ఇంగ్లీషు రాదు. "మీకంటే నమ్మకమైనవాళ్ళు ఈ బడిలో లేరు పెద్దమ్మా," అనేది. ఆ మాట ఇప్పుడు తలుచుకుంటే అన్నం దిగదు.

మార్కులు ఇచ్చిన మర్నాటినుంచి తల్లిదండ్రులు వచ్చేవాళ్ళు. స్టాఫ్ రూము బయట నా స్టూలు దగ్గరే నిలబడేవాళ్ళు. ఒకావిడ ప్రతి పరీక్షకీ వచ్చేది. "తొంభై చెయ్యండి మేడం. మా తోడికోడలు కూతురికి తొంభై మూడంట. దాని ముందు నేను తలెత్తుకునేదెట్టా?" అనేది. "తొంభై మూడు తెచ్చుకుంది ఆ పిల్ల, మీ తోడికోడలు కాదు కదండీ," అనేది టీచరమ్మ. ఆవిడకు నవ్వొచ్చేది గానీ కదిలేది కాదు.

మిరపకాయల వ్యాపారం చేసే ఒకాయన ఉండేవాడు. ఆయన కొడుకూ మా మనవరాలూ ఒకే తరగతి. అర్ధ సంవత్సరం పరీక్షలప్పుడు కారు బడి గేటుకు అడ్డంగా పెట్టి లోపలికి వచ్చాడు.

"ఏంది టీచరమ్మా, మావోడికి అరవై రెండా? గదికి ఏసీ పెట్టిచ్చా, ముగ్గురు మాస్టర్లను పెట్టిచ్చా. చివరికి అరవై రెండా?"

"ఏసీ పరీక్ష రాయలేదు కదండీ."

"ఎగతాళా? అయిదో పదో కలిపితే మీ సొమ్మేం పోద్ది?"

ఆమె కొట్లాడేది కాదు. పేపరు తీసి ఆయన ముందు పెట్టి, ఎర్ర పెన్ను మూత తీసి చేతికిచ్చింది. "ఏ లెక్కకి ఎక్కువ వెయ్యాలో మీరే చూపించండి. నేను కూడా చూస్తాను." ఆయన పేజీలు అటూ ఇటూ తిప్పాడు. ఎవరు వచ్చినా అంతే. పెన్ను పట్టుకుని కాసేపు తిప్పి, కింద పెట్టి వెళ్ళిపోయేవాళ్ళు. వాళ్ళు పోయాక ఆమె కళ్ళు మూసుకుని కుర్చీకి జారగిలబడేది. "పిల్లలకి చెప్పడం కష్టం కాదు పెద్దమ్మా, వీళ్ళకి చెప్పేసరికి ఒళ్ళు పులిసిపోతది," అనేది. ఏటికేడాది ఆ అలసట ఎక్కువయింది. వచ్చేవాళ్ళు మాత్రం తగ్గలేదు.

ఇక నా సంగతి. నా కూతురూ అల్లుడూ గురజాల దగ్గర కౌలు చేస్తారు. పిల్ల నా దగ్గరే ఉండి చదివేది. ఆయా మనవరాలని ఫీజు లేకుండా చేర్చుకున్నారు. మిగతావన్నీ బాగానే చదివేది, లెక్కలు మాత్రం రావు. ఆ బడిలో తొమ్మిదో తరగతి చివరి పరీక్షలో ఏ సబ్జెక్టు తప్పినా టీసీ చేతిలో పెట్టి పంపేసేవాళ్ళు. పదో తరగతిలో ఫెయిలయితే బడికి చెడ్డపేరని. మా అల్లుడు అప్పటికే చెప్పాడు. "టీసీ ఇచ్చారంటే ఇంక చాల్లే అత్తా. దాన్ని తీసకపోయి మిరపకోతలకి పంపుతా." ఆ మాట విన్న దగ్గరనుంచి నాకు కుదురు లేదు. పిల్ల అన్నం తక్కువ తిన్నా భయమే, పుస్తకం ముందు కునికినా భయమే.

లెక్కల పరీక్ష అయింది. కట్ట నా చేతికి వచ్చింది. పేర్లు చదవలేను గానీ, నా మనవరాలి రాత నాకు తెలియదా? ఇంట్లో రోజూ నా ఎదుట కూర్చుని రాసేదే. దాని పేపరు చేతిలోకి రాగానే నా బుద్ధి పక్కకు పోయింది. అన్నిటికీ ఒక సూది గుచ్చి, దానికి రెండు గుచ్చాను. టీచరమ్మకు ఏదో తెలుస్తుందనీ, తెలిస్తే కనికరిస్తుందనీ. ఎందుకు చేశానో నాకే సరిగ్గా తెలియదు.

మర్నాడు మధ్యాహ్నం పిలిచింది. కరెంటు పోయి స్టాఫ్ రూములో ఉక్కగా ఉంది. ఇంకెవరూ లేరు.

"పెద్దమ్మా, దీనికి రెండు సూదులున్నాయేంది?"

"చెయ్యి జారి ఉంటదమ్మా."

"నలభై మూడు పేపర్లు. దీనికొక్కదానికే జారిందా?"

ఆమె సూదులు తీసి మడత విప్పింది. పేరు చూసింది. "ముప్పై ఒకటి వచ్చినయి," అంది. ముప్పై అయిదయితే గానీ పాసు కాదు.

అప్పుడు నేను ఆమె కాళ్ళ దగ్గర కూర్చుండిపోయాను. టీసీ సంగతి చెప్పాను, మిరపకోతల సంగతి చెప్పాను. ఏడ్చాను. లేవమని నా రెక్క పట్టుకుంది, నేను లేవలేదు. అంతమందికి ఇచ్చినట్టు నాకూ ఆ ఎర్ర పెన్ను ఇస్తుందేమో, ఎక్కడ వెయ్యాలో చూపించమంటుందేమో అనుకున్నాను. ఇవ్వలేదు. ఆమే పట్టుకుంది. ఒక లెక్క మీద ఉన్న ఇంటూ గుర్తుని దిద్ది టిక్కు చేసి నాలుగు వేసింది. నా వైపు చూడకుండా, "ఇంక వెళ్ళండి పెద్దమ్మా," అంది. బయటికొచ్చాక నాకు సంతోషం కలగలేదు. పాత దిగులు పోయిన చోట కొత్త దిగులు వచ్చి కూర్చుంది.

దిద్దిన పేపర్లు పిల్లలకు ఒకసారి చూపించి వెనక్కి తీసుకోవడం ఆమె అలవాటు. ఆ రోజు వరండా ఊడుస్తున్నాను. ఆమె బోర్డు మీద లెక్కలు చేసి చూపిస్తోంది. నా మనవరాలు లేచి నిలబడడం కిటికీలోంచి కనపడింది.

"టీచర్, ఇది నేను తప్పు చేశా. నాకు రైట్ పెట్టారు."

చీపురు ఆపేశాను. కూర్చోవే, కూర్చోవే అని లోపల్లోపల అనుకుంటూనే ఉన్నాను. టీచరమ్మ బెంచీ దగ్గరికి వచ్చి పేపరు తీసుకుంది. పొరపాటున పడిందని ఒక్క మాట అంటే అయిపోయేది. పిల్లలు నమ్మేవాళ్ళే.

"నువ్వు చెప్పింది నిజం. ఇది తప్పే. తప్పని తెలిసే నేను మార్కులు వేశాను. అట్టా వెయ్యకూడదు," అంది. నాలుగు కొట్టేసి, పైన ముప్పై ఒకటి అని అంకెల్లో రాసి, అక్షరాల్లో కూడా రాసింది. తరగతిలో ఒక్క పిల్లాడు కూడా నవ్వలేదు.

ఆ సాయంత్రానికే వ్యాపారి కొడుకు ఇంట్లో చెప్పాడు. మర్నాడు ఆ తండ్రి తిన్నగా బడి నడిపే ఆయన గదికే వెళ్ళాడు. టీచరమ్మని పిలిపించారు. నేను టీ తీసుకెళ్ళాను.

"ఆయమ్మ మనవరాలికి ఏసినావంట గదా. మావోడికి ఎందుకు ఎయ్యవు?"

"వేశాను. తప్పు చేశాను. అందుకే మళ్ళీ చెయ్యను."

"మావోడి దగ్గరికి వచ్చేసరికి నీతి గుర్తొచ్చిందా?"

దానికి జవాబు నా దగ్గర ఉంది. అయ్యా, ఆమె వెయ్యలేదు, నేను కాళ్ళు పట్టుకుని వేయించుకున్నాను అని చెప్పాలి. ట్రే పట్టుకుని నిలబడ్డాను. నా ఉద్యోగం పోతుందేమో, ముసలితనంలో ఎవరు పెట్టుకుంటారో, అద్దె ఎట్లాగో, ఇవే నా తల నిండా. కప్పులు బల్ల మీద పెట్టి వచ్చేశాను. బడి ఆయన గొంతు వెనకనుంచి వినపడింది. "మీరు బాగా అలిసిపోయారు మేడం. వచ్చే సంవత్సరం రెస్ట్ తీసుకోండి." మర్యాదగానే అన్నాడు. ఆ పిల్లాడి మార్కులు తర్వాత ఇంకో మాస్టరు చేత్తో పెరిగాయి.

ఆమె గది ఖాళీ చేసే రోజు వెళ్ళాను. పుస్తకాలు అట్టపెట్టెలో సర్దుకుంటోంది. "నా వల్లే గదమ్మా," అన్నాను.

"సూదులు మీరు పెట్టారు పెద్దమ్మా. పెన్ను నాది. మీ పిల్ల లేచి అడగకపోతే నాకు అది అలవాటయ్యేది," అంది. తర్వాత మా అల్లుడి ఊరు పేరు అడిగి రాసుకుంది. ఎందుకో చెప్పలేదు. ఎండలో బస్సెక్కి పోయి, వాళ్ళ గుమ్మంలో కూర్చుని ఏం చెప్పిందో గానీ, ఒక్క ఏడాది చదివిస్తానని వాడు ఒప్పుకున్నాడు. టీసీ తీసుకుని పిల్ల సర్కారు బడిలో పదో తరగతి చదివింది. లెక్కల్లో నలభై నాలుగు వచ్చాయి. ఇప్పుడు ఇంటర్ రెండో సంవత్సరం. టీచరమ్మ నడికుడిలోనే ఇంటి అరుగు మీద పిల్లలకు లెక్కలు చెప్పుకుంటూ ఉండిపోయింది. షుగరు ముదిరి కిడ్నీలు పాడయ్యాయని తెలిసింది. చూడటానికి రెండుసార్లు బయలుదేరి, ఆమె ముందు ఏం మాట్లాడాలో తోచక బస్టాండు నుంచే వెనక్కి వచ్చాను.

బుధవారం మాత్రం వెనక్కి రాలేదు. పిడుగురాళ్ళలో బస్సు మారి, మనవరాలూ నేనూ ఎండెక్కేసరికి చేరాం. ఇంటి ముందు షామియానా వేశారు. శవపెట్టె దగ్గర ఎవరో మెల్లగా పాట పాడుతున్నారు. ఆడవాళ్ళు చాపల మీద కూర్చుని ఉన్నారు. మా ముందున్న ఇద్దరి మాటలు చెవిన పడ్డాయి.

"నరసరావుపేటలో ఊరికే తీసేశారా? ఎవరి దగ్గరో తీసుకుని మార్కులు ఏసిందంట."

"నిజమా? చానా నికార్సయిన మనిషనేవాళ్ళే."

"అట్టాంటోళ్ళే తీసుకునేది."

నా మనవరాలు ముందుకు వంగింది. "ఆ మార్కులు వేసింది నాకేనండీ. టీచర్ ఎవరి దగ్గరా ఏమీ తీసుకోలేదు."

నేను దాని చెయ్యి పట్టి లాగాను. "ఊరుకోవే, ఊరుగాని ఊరొచ్చి," అన్నాను. అది నా వైపు చూసింది. కోపంగా చూసినా బాగుండేది. అట్లా చూడలేదు. నేను ఏం చేస్తానో దానికి ముందే తెలిసినట్టు చూసింది. ఆ చూపుకు నా చెయ్యి దానంతటదే వదులైంది.

"పిల్ల చెప్పింది నిజమేనమ్మా," అన్నాను ఆ ఇద్దరితో. ఇంకోసారి, అందరికీ వినపడేట్టు చెప్పాను. "నేను ఆ బడిలో ఆయాని. నేనే ఆమె కాళ్ళు పట్టుకుని ఏడ్చి వేయించుకున్నా. ఆమెని అడిగినప్పుడు పక్కనే ఉండి నోరు తెరవలేదు. నాలుగు మార్కులు. అవి కూడా అందరి ముందూ తీసేసింది."

చుట్టూ ఉన్నవాళ్ళు కూడా తిరిగి చూశారు. ఆ ఇద్దరిలో ఒకావిడ కొంచెం జరిగి చాప మీద చోటిచ్చింది. అందాకా నేను నిలబడే ఉన్నానని నాకు అప్పుడు తెలిసింది.

మధ్యాహ్నం సమాధుల దగ్గరికి తీసుకెళ్ళారు. ఆమె దగ్గర చదువుకునే పిల్లలు యూనిఫారాల్లో వచ్చారు. ఆ పూట వాళ్ళకు పరీక్ష ఉందట. ఒక్కొక్కరి చంకలో పరీక్ష అట్ట ఉంది. వాళ్ళను ముందు రానివ్వండని ఎవరో అంటే పెద్దవాళ్ళు పక్కకు తప్పుకున్నారు. పిల్లలు అట్టలు కింద పెట్టి, వంగి, గుప్పెడు గుప్పెడు మట్టి తీసి వేశారు. చేతులు కడుక్కునే వేళ లేదు. ఆ మట్టి చేతులతోనే అట్టలు పట్టుకుని, చేల గట్టు వెంట బడి వైపు పరుగెత్తారు. అందరికంటే వెనకపడ్డ చిన్నపిల్ల దూరంగా మలుపు దగ్గర ఒక్కసారి ఆగి వెనక్కి చూసి, మళ్ళీ పరుగందుకుంది.