కొట్టేసిన రెండో వరుస

జర్మనీలోని ఇంగోల్‌స్టాట్‌లో రైలెక్కేసరికి నా సీటు దగ్గర ఉన్నవి ఇవి: ఒక సైకిలు, యాభై దాటిన ఒకామె, ఆమె ఒళ్లో సకినాల డబ్బా, చేతిలో తెలుగులో రాసుకున్న కాగితం. ఎక్కాలు అప్పజెప్పినట్టు ఊగుతూ చదువుతోంది: “ఆబ్లో, ఆబ్లా, ఆబ్లామోస్...”

స్పానిష్‌లో ‘మాట్లాడటం’ అనే క్రియకు వర్తమాన కాలంలో ఆరు రూపాలు. కాగితంలో రెండోది, ‘ఆబ్లాస్’, కొట్టేసి ఉంది.

“అది తప్పా ఆంటీ?” అని అడిగాను.

“తప్పు గాదు బిడ్డా. ‘నువ్వు మాట్లాడ్తవ్’ అని దాని అర్థమట. నా కోడలు స్పెయిన్ పిల్ల. వాళ్లమ్మను ఇయ్యాల మొదటిసారి కలుస్తున్న. వియ్యపురాలిని నువ్వంటరా? రేపు నా కొడుకు మాట పడాలె.”

“ఆవిడకు ఇంగ్లిష్ వచ్చా?”

“ఆమెకు స్పానిష్ ఒక్కటే. నాకు తెలుగు ఒక్కటే.”

మ్యూనిక్ ప్లాట్‌ఫారం మీద ఒకావిడ పూలగుత్తితో నిలబడి ఉంది. ఆంటీ చేతులు జోడించింది. ఆవిడ ఆ చేతులు విడదీసి, ఆంటీని గట్టిగా కావలించుకుని చాలాసేపు వదల్లేదు.

ఆ భుజం మీంచే ఆంటీ అడిగింది: “ఆబ్లాస్ తెలుగు?”

ఇద్దరూ పకపకా నవ్వారు.

ఆమె నేర్చుకున్నవి ఐదు, కొట్టేసింది ఒకటి. నేను విన్నంతలో వాడింది ఆ ఒకటే.