ట్రాలీ వెనుక లైటు

జగిత్యాల నుంచి కోరుట్ల పోయే బస్సులో నా చేతిలోని వాహనాల వైరింగ్ పుస్తకం చూసి, పక్క సీటు పెద్దాయన అడిగాడు.

"తమ్మీ, ట్రాక్టర్ ట్రాలీకి ఎనుక లైటు ఎందుకు ఎలుగదు?"

డిప్లొమా చదువుతున్న ఉత్సాహంలో వరుసగా చెప్పాను. మొదట బల్బు చూడాలి, తర్వాత ఫ్యూజు, ఆ తర్వాత ట్రాక్టర్ నుంచి ట్రాలీకి వచ్చే వైరు. చాలాసార్లు ఇవేవీ కాదు, ఎర్త్ వైరు బిగించిన చోట తుప్పు పట్టి ఉంటుంది.

"తుప్పయితే ఎన్ని రోజులు వడ్తది?"

"రోజులెందుకు కాకా? గీకి బిగిస్తే పది నిమిషాల పని."

ఆయన జరిగింది చెప్పాడు.

"వైరింగంతా మార్చాలంటరు, రెండు రోజులు ట్రాలీ ఇడిచిపెట్టుమంటరు అనుకొని షాపుకు పోలే. వడ్లు కొనుగోలు సెంటర్‌కు తోలేది ఉండె. ఎనుక ఎర్రగుడ్డ కట్టి నడిపిన. పొద్దుగూకినంక మా తమ్ముడే మోటర్ బండి మీద అచ్చి ట్రాలీకి గుద్దుకున్నడు. నాకు బువ్వ తెస్తుండె. మొన్ననే వాని దినాలు చేసినం."

"లోపల వైరు తెగిందేమో కాకా. అట్లయితే రెండు రోజులు పడుతది," అన్నాను.

"గట్లయితే ఇయ్యాలనే ఇప్పి చూస్త," అని ఆయన కోరుట్లలో దిగిపోయాడు.

చూడొద్దని అనలేకపోయాను. లోపల వైరే తెగి ఉండాలని ఇప్పటికీ కోరుకుంటున్నాను.